పోలికా? వరసా?

గ్రూప్స్‌కో కానిస్టేబుల్ ఉద్యోగానికో చదివేవాళ్ల దగ్గరుండే రీజనింగ్ గైడు ఏది తెరిచినా 'పోలిక పరీక్ష' అనే అధ్యాయం తగులుతుంది. కొన్ని గైడ్లు దాన్నే 'సాదృశ్యాలు' అంటాయి. కొన్ని ఎందుకొచ్చిన గొడవ అని 'అనాలజీ' అనే అచ్చువేస్తాయి. లోపల ప్రశ్నలు మాత్రం ఒకే బాపతు. కుమ్మరి : కుండ :: వడ్రంగి : ? కింద నాలుగు జవాబులుంటాయి. కర్ర, రంపం, కుర్చీ, ఉలి.

తొందరలో ఉన్నవాడు కర్ర దగ్గర ఆగిపోతాడు. వడ్రంగి అనగానే కళ్లముందు మెదిలేది కర్రే మరి. సరైన జవాబు కుర్చీ. కుమ్మరి చేసేది కుండ, వడ్రంగి చేసేది కుర్చీ. ప్రశ్నలో కుండ బదులు మట్టి అని ఉంటే కర్ర సరిపోయేది. కుమ్మరి తిప్పే సారె అని ఉంటే రంపమా, ఉలా అని తల గోక్కోవాల్సి వచ్చేది, ప్రశ్న వేసినవాణ్ణి నాలుగు తిట్టుకోవాల్సీ వచ్చేది. ఆవం అని ఉంటే వడ్రంగి దగ్గర జవాబే లేదు. కుండలు కాల్చే ఆవానికి దీటుగా ఏదైనా చూపించాలంటే కమ్మరిని పిలిచి కొలిమి చూపించాలి.

సరే, ఇందులో పోలిక ఎక్కడుంది? కుమ్మరి వడ్రంగిలా ఉండడు. కుండ కుర్చీలా అసలే ఉండదు. కుమ్మరికి కుండతో ఉన్న సంబంధమూ వడ్రంగికి కుర్చీతో ఉన్న సంబంధమూ ఒకటి కావడమే ఇందులో ఉన్నదంతా. మనుషులు పోలలేదు, వస్తువులు పోలలేదు, సంబంధాలు కలిశాయి. ఈ పనికి పోలిక అన్న పేరు పెట్టడం తప్పుదారి పట్టించడమేనని నా అభిప్రాయం. కర్ర దగ్గర ఆగిపోయిన కుర్రాడి తప్పులో సగం ఆ పేరుదే. తగిన మాట మన ఇళ్లలోనే ఉంది. అయితే దాని దగ్గరికి వెళ్లేముందు పోలిక సంగతి చూడాలి, అది తీసిపారేసే మాట కాదు.

పోలు, పోల్చు, పోలిక. అచ్చతెలుగు మాటలు. తమిళంలో పోల్, మలయాళంలో పోలె, కన్నడంలో హోలు, హోలికె. తెలుగిళ్లలో ఈ మాట ఎక్కువగా వినబడేది పురిటి మంచం చుట్టూ. ముక్కు మేనత్తది, నుదురు తాతది, రంగు మాత్రం తల్లి పోలిక. 'ఎవరి పోలికా రాలేదే' అని ఎవరైనా అన్నారంటే ఆ గదిలో ఒక్క క్షణం గాలి ఆగుతుంది. పోలికలు అని బహువచనంలో అంటే ముఖకవళికలే. అంటే మన వాడుకలో పోలిక కంటికి ఆనాలి. ఒకరిని చూస్తే ఇంకొకరు గుర్తుకురావాలి. దానికి ఇద్దరుంటే చాలు, నలుగురు అక్కర్లేదు.

తమాషా ఏమిటంటే ఈ మాటలోనే ఒక చిక్కుప్రశ్న ఉంది. పాలు : హాలు :: పులి : హులి :: పోలిక : ? కన్నడం తెలియనివాడు కూడా హోలికె దాకా కాకపోయినా హోలిక దాకా వస్తాడు. మాట మొదట్లోని పకారం పాత కన్నడం నుంచి నేటి కన్నడానికి వచ్చేసరికి హకారమైంది. పంది హంది అయింది, పొగ హొగె అయింది, పొలం హొల అయింది. పంప హంపె అయింది కూడా ఈ దారినే. ఈ సూత్రం చేతికి చిక్కాక మనిషికి కొంచెం గర్వం వస్తుంది, అన్నిచోట్లా వాడాలనిపిస్తుంది. పని : హని అని రాశారో దొరికిపోతారు. హని కన్నడంలో ఉంది కానీ దాని అర్థం నీటిబొట్టు. మన పనికి వాళ్లు వాడే మాట కెలస. చూపుకు జత కుదిరింది, అర్థంలో కుదరలేదు.

మద్రాసులో కలెక్టరుగా పనిచేసిన ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్, 1816లో వచ్చిన ఎ.డి. కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి ఒక ప్రవేశిక రాశాడు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ కన్నడాల ఇంటిదని చెప్పడానికి ఆ మూడు భాషల మాటలనూ పక్కపక్కన పేర్చి చూపించాడు. ద్రావిడ భాషలను పోల్చి చూపిన కాల్డ్‌వెల్ గ్రంథం రావడానికి అప్పటికి ఇంకా 40 ఏళ్లుంది. ఆ తర్వాత పెరిగిన భాషాశాస్త్రం ఇంకో మెట్టు పైకెక్కింది. పులికీ హులికీ పోలిక ఉండడం పెద్ద విషయం కాదు, ఒక జత కాకతాళీయంగానైనా కలవొచ్చు. పదుల కొద్దీ జతల్లో తేడా ఒకే తీరుగా ఉండడం విషయం. అంటే చుట్టరికాన్ని పట్టి ఇచ్చింది పోలిక కన్నా ఎక్కువగా తేడాలోని క్రమం.

పోలికను చెప్పే చిన్న మాటలు కూడా ప్రాంతానికొకటి. కోస్తాలో లాగా, మల్లే. రాయలసీమలో మాదిరి. తెలంగాణలో లెక్క. పుస్తకాల్లో వలె, పద్యాల్లో పోలె. పరీక్షలకు ముందు బజారులో అమ్మే 'మాదిరి ప్రశ్నపత్రం'లో ఉన్నది ఆ సీమ మాదిరే. వీటిలో నన్ను ఎక్కువగా ఆపేది తెలంగాణ లెక్క. 'మీ నాయిన లెక్కనే నడుస్తున్నవ్' అంటుంది తల్లి. లెక్క అంటే గణితం కదా, నడకకూ దానికీ ఏం సంబంధం?

గ్రీకువాళ్లను అడిగితే చెబుతారు. అనాలజీకి మూలమైన అనలోగియా వాళ్ల దగ్గర గణితం మాట. అందులోని లోగోస్‌కు మాట, హేతువు అనే అర్థాలతో పాటు లెక్క, నిష్పత్తి అనే అర్థాలూ ఉన్నాయి. రెండుకు నాలుగెంతో మూడుకు ఆరంత, ఇదీ అనలోగియా. యూక్లిడ్ తన గ్రంథంలో ఐదో భాగం మొత్తం దీనికే కేటాయించాడు. ప్రశ్నల మధ్యలో కనబడే ఆ నాలుగు చుక్కలు కూడా లెక్కల పుస్తకం నుంచి వచ్చినవే. విలియం ఆట్రెడ్ అనే ఇంగ్లిషు గణితవేత్త 1631లో అచ్చయిన తన పుస్తకంలో అనుపాతానికి ఆ గుర్తు వాడాడు. కానిస్టేబుల్ పరీక్ష దాకా నడిచి వచ్చింది అది. గ్రీకు లోగోస్‌కూ తెలంగాణ లెక్కకూ చుట్టరికం ఉందని అనడం లేదు, అలా అంటే మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టినట్టే. రెండుచోట్లా మనుషులకు విడివిడిగా తట్టిన ఆలోచన అది.

లెక్కల్లో పుట్టిన ఈ మాటను కవిత్వంలోకి తెచ్చినవాడు అరిస్టాటిల్. కావ్యశాస్త్రం 21వ అధ్యాయంలో రూపకాల రకాలు చెబుతూ అనుపాతం మీద నడిచేదాన్ని విడదీసి చూపిస్తాడు. పగటికి సాయంత్రం ఎలాగో జీవితానికి ముసలితనం అలాగ. అందుకని ముసలితనాన్ని జీవితపు సాయంత్రం అనవచ్చు, సాయంత్రాన్ని పగటి ముసలితనం అనవచ్చు. జీవనసంధ్య అని సన్మానపత్రాల్లో రాసేవాళ్లు చేస్తున్నది అదే లెక్క. గమనించండి, సాయంత్రం ముసలితనాన్ని పోలదు. సాయంత్రానికి తెల్లజుట్టు లేదు, కీళ్లనొప్పులు లేవు. రెండూ తమ తమ వరసల్లో ఒకే చోట కూర్చున్నాయి, అంతే.

మన శాస్త్రాల్లో అనాలజీకి సాటిగా చాలామంది వెంటనే చూపించేది ఉపమానం. ఇక్కడ కొంచెం నిదానించాలి. నైయాయికులు ప్రత్యక్షం, అనుమానం, శబ్దం సరసన ఉపమానాన్ని కూడా ప్రమాణంగా ఒప్పుకున్నారు. తెలుగువాడని పండితులు చెప్పే అన్నంభట్టు తర్కసంగ్రహంలోనూ ఉన్నది పాత ఉదాహరణే. ఊళ్లో మనిషి గవయాన్ని ఎప్పుడూ చూడలేదు. అడవిలో తిరిగేవాడు అది ఆవులాగా ఉంటుందని చెప్పాడు. తర్వాత ఇతను అడవికి వెళ్లి, ఆవులాంటి జంతువును చూసి, విన్నమాట గుర్తొచ్చి, ఓహో గవయమంటే ఇదే కాబోలు అనుకున్నాడు. ఇందులో అతనికి కొత్తగా తెలిసింది ఏమిటి? జంతువు కళ్లెదుటే ఉంది, అది ప్రత్యక్షం. గవయమన్న పేరు ముందే విన్నాడు. తెలిసిందల్లా ఆ పేరు ఈ జంతువుదని. పేరుకూ పేరు గలదానికీ ఉన్న సంబంధం తెలియడమే ఉపమితి అంటారు నైయాయికులు. నిఘంటువులో చేయవలసిన పనిని అడవిలో చేయించారన్నమాట. మీమాంసకులు దీన్ని తిరగేసి, అడవిలో గవయాన్ని చూసినవాడికి ఇంటి దగ్గరున్న ఆవు దీనిలాంటిదని తెలియడమే ఉపమానం అన్నారు. ఎటు తిప్పినా ఉన్నవి రెండే జంతువులు. ఇది పోలికే. ఇంత చక్కగా పోలికను విడమరిచిన శాస్త్రం ఇంకోచోట ఉందో లేదో గానీ, నాలుగు పదాల అనుపాతం మాత్రం ఇది కాదు. ఉపమానాన్ని ఇంగ్లిషులో అనాలజీ అనేసి, అనాలజీని తెలుగులో పోలిక అనేస్తే గవయం వచ్చి ప్రశ్నపత్రంలో మేస్తుంది.

సామెత దగ్గర కథ మారుతుంది. సంస్కృతంలోని సామ్యతే సామెత అయిందని చెబుతారు. ఆ లెక్కన మన లోకోక్తి పేరే పోలిక. కానీ పని చూడండి. 'తాతకు దగ్గులు నేర్పినట్టు' అని మధ్యలో ఎవరో అంటారు. తాత ఎవరు, దగ్గు ఏమిటి అని ఎవరూ అడగరు. అక్కడ కూర్చుని పాతికేళ్లుగా వంట చేస్తున్న మనిషికి కూర తిరగమోత ఎలా వేయాలో చెబుతున్నవాడొకడుంటాడు, అందరూ వాడివైపు చూస్తారు. రెండు పదాలు సామెత ఇచ్చింది, మిగతా రెండూ గదిలో ఉన్నాయి. 'నట్టు'తో ముగిసే ప్రతి సామెతా సగం రాసి వదిలేసిన ప్రశ్నే. పూరించే పని విన్నవాడిది.

ఇక తగిన మాట. వరస.

పుస్తకాల్లో వరుస, నోట్లో వరస. తమిళంలో వరిసై. అక్కడ అది బారు, క్రమం. పెళ్లిలో ఆడపిల్లకు పంపే కానుకలకు సీర్‌వరిసై అని పేరు. మనకు అది సారె, కుమ్మరి చక్రానికీ అదే పేరు కావడం వేరే ముచ్చట. తెలుగులో వరస చేసే పనులు ఇన్నీ అన్నీ కావు. జనం బారుగా నిలబడితే వరస. పాట నడక వరస, ఒక పాట వరసలో ఇంకో పాట కట్టడం భజన బృందాల నుంచి ఎన్నికల ప్రచారం దాకా ఉన్నదే. మనిషి తీరు వరస, 'నీ వరసేం బాగాలేదు'. అన్నిటికన్నా పైన చుట్టరికం వరస.

'వరసకు ఏమవుతాడు?' తెలుగు పెళ్లిపందిట్లో కొత్తమనిషి కనబడగానే పుట్టే ప్రశ్న ఇది. జవాబు సూటిగా రాదు, కట్టుకుంటూ వస్తుంది. 'మీ అమ్మను నేను అక్కా అంటాను, అంటే నీకు మామయ్యను కావాలి' అంటాడు ఒకాయన. కాఫీ కప్పు చేతిలో పట్టుకుని అనుపాతం లెక్క చేశాడాయన. పల్లెటూళ్లలో దీనికి రక్తసంబంధం కూడా అక్కర్లేదు. ఊరి వరస ఉంటుంది. ఎదురింటాయన ఏ కులమైనా, మన నాన్న ఆయన్ని బావా అని పిలిస్తే మనకు మామయ్య, వాళ్ల పిల్లలు మనకు బావామరదళ్లు. ఒక్క జత తెలిస్తే ఊరంతా తేలిపోతుంది.

ఈ లెక్కకు ఒక కీలకం ఉంది. నాన్న అన్నదమ్ములు మనకు పెదనాన్నలు, బాబాయిలు, అంటే నాన్న కోవ. అమ్మ అక్కచెల్లెళ్లు పెద్దమ్మలు, పిన్నులు, అమ్మ కోవ. మధ్యలో ఆడామగా మారితే మాట మారుతుంది. నాన్న తోబుట్టువైన ఆడమనిషి మేనత్త, అమ్మ తోబుట్టువైన మగమనిషి మేనమామ. బాబాయి కొడుకు తమ్ముడో అన్నో, మేనమామ కొడుకు బావో బావమరిదో. నాన్న తమ్ముడు : బాబాయి :: నాన్న చెల్లెలు : పిన్ని అని రాసేవాడికి తెలుగు వచ్చినా తెలుగు ఇల్లు తెలియదు. అందుకే గైడ్లలోని రక్తసంబంధాల అధ్యాయం చదువుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఇంగ్లిషు అంకుల్‌ను ఎక్కడ పడితే అక్కడ మామయ్య చేసేస్తారు. నాన్న తమ్ముడు మామయ్య అయ్యాడంటే వాళ్ల అమ్మాయి మరదలవుతుంది. ప్రశ్న రాసినవాళ్లకు తెలుసో లేదో, చెల్లెల్ని పెళ్లికి వరసైన పిల్లను చేశారు.

వరసకూ పోలికకూ ఉన్న తేడా ఎంత లోతుదో చూపించే కథ ఒకటి అమెరికాలో నడిచింది. లూయిస్ హెన్రీ మోర్గన్ న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో వకీలు. ఆ చుట్టుపక్కల ఉండే ఇరొక్వాయి ఆదివాసుల్లో సెనెకా తెగవాళ్లు తండ్రి సోదరుణ్ణి కూడా తండ్రి అనే పిలుస్తారని, తల్లి సోదరిని తల్లి అనే పిలుస్తారని, మేనమామకూ మేనత్తకూ మాత్రం వేరే పేర్లున్నాయని గమనించాడు. దక్షిణ భారతంలో పనిచేసే మిషనరీల ద్వారా తమిళ, తెలుగు, కన్నడ బంధువాచకాలు తెప్పించుకుని చూస్తే అదే అమరిక. మాటల్లో ఒక్కటీ పోలదు. వరసలు కలిశాయి. 1871లో స్మిత్‌సోనియన్ సంస్థ అచ్చువేసిన ఆయన మహాగ్రంథంలో ఆ పట్టికలన్నీ ఉన్నాయి. అక్కడితో ఆగితే బాగుండేది. అమెరికా ఆదివాసులు ఆసియా నుంచి వచ్చారనడానికి దీన్ని సాక్ష్యం చేశాడు. వరసలు కలిసినంత మాత్రాన వంశాలు కలవవు. పైగా ఆ కలయిక కూడా పూర్తిది కాదు. దూరపు బంధువుల దగ్గరికి వెళ్లేసరికి ఇరొక్వాయిల లెక్క వేరు, మన లెక్క వేరు అని ఫ్లాయిడ్ లౌన్స్‌బరీ 1964లో చూపించాడు. అయినా మోర్గన్ పట్టుకున్న మొదటి విషయం గట్టిది. మాటలు వేరైనా మాటల మధ్య సంబంధాలు ఒకటి కావచ్చు. అనాలజీ అంటే సరిగ్గా అదే.

వరస పట్టుకోవడం తెలుగువాడికి ఎవరూ నేర్పనక్కర్లేదని నేననేది ఉత్త అభిమానంతో కాదు. తాడు తెగుతుంది, కర్ర విరుగుతుంది, కుండ పగులుతుంది, బట్ట చిరుగుతుంది, గోడ కూలుతుంది. ఇంగ్లిషువాడు తాడుకూ కర్రకూ కుండకూ ఒకే క్రియతో సరిపెడతాడు, మనం ఒప్పుకోం. కుండ తెగింది అన్నవాణ్ణి చూసి నాలుగేళ్ల పిల్ల కూడా నవ్వుతుంది. ఇప్పుడు కంటికి కనబడనివాటిని చూడండి. సంబంధం తెగుతుంది, మనసు విరుగుతుంది, గుండె పగులుతుంది, సంసారం కూలుతుంది, నమ్మకం సడలుతుంది. సంబంధం పగిలింది అని ఎవరూ అనరు. ఎప్పుడో ఎవరో సంబంధాన్ని తాడు పక్కన, గుండెను కుండ పక్కన, సంసారాన్ని గోడ పక్కన నిలబెట్టారు. అరిస్టాటిల్ చెప్పిన లెక్కే, కాకపోతే జవాబులు మాత్రమే మిగిలి ప్రశ్నలు చెరిగిపోయాయి. మనసు దగ్గర నాకు ఎప్పుడూ తేలదు. విరిగేది కర్రలాగానా, పాలలాగానా? విరిగిన కర్రకు కట్టు కట్టవచ్చు, విరిగిన పాలకు ఏం చేస్తాం? 'మనసు విరిగిపోయింది' అని ఎవరైనా అంటే అది ఏ విరుగుడో వాళ్ల గొంతును బట్టి తెలుసుకోవాలి.

ధరించే క్రియల్లోనూ ఇదే పట్టింపు. చీర కడతారు, గాజులు తొడుగుతారు, బొట్టు పెడతారు, తలపాగా చుడతారు, పూలు తురుముతారు. చీర : కట్టు :: గాజులు : ? అని అడిగితే ఇది పరీక్ష ప్రశ్న అని కూడా తోచదు, అంత సులువు. అదే ప్రశ్నను ఇంగ్లిషులోకి మార్చండి చూద్దాం. ప్రశ్నే మిగలదు.

వ్యాకరణం కూడా ఈ లెక్క మీదే బతుకుతుంది. కాలు కాళ్లు, వేలు వేళ్లు. రైలు వచ్చిన కొత్తలో దాని బహువచనం ఏ పండితుడూ తేల్చలేదు. జనమే రైళ్లు అన్నారు. తర్వాత స్కూళ్లు, జైళ్లు, ఫైళ్లు, హోటళ్లు. కాలు : కాళ్లు :: రైలు : రైళ్లు. పాత మాట చూపిన దారిలో కొత్త మాట రూపం దిద్దుకోవడాన్ని జర్మన్ పండితుడు హెర్మన్ పౌల్ 1880లోనే అనుపాత సమీకరణంగా చూశాడు, లాటిన్ భాషలో హొనోస్ అన్న మాట హొనోర్‌గా మారడాన్ని స్విస్ భాషావేత్త సొస్యూర్ ఇలాంటి లెక్కతోనే వివరించాడు. మన దగ్గర తిక్క ఎక్కడంటే, ఏ జతను ఆదర్శంగా తీసుకోవాలో ముందు తెలియదు. ఇల్లు ఇళ్లు, ముల్లు ముళ్లు. మరి బిల్లు? బిళ్లు కాదు, బిల్లులు. ఊరు ఊళ్లు, నోరు నోళ్లు. కారు మాత్రం కాళ్లు కాలేదు. ఆ స్థలంలో అప్పటికే మన కాళ్లున్నాయి కాబట్టి అని నవ్వుకోవచ్చు గానీ, అసలు సంగతి అది పేరు : పేర్లు జతను వెతుక్కుంది. ఇక కన్ను కళ్లు, నోట్లోని పన్ను పళ్లు, సర్కారుకు కట్టే పన్ను పన్నులు. ఏడాదికోసారి పన్నులు కడతాం, వయసుడిగాక పళ్లు కట్టించుకుంటాం, ఎప్పుడూ తారుమారు కాదు. రెండు పన్నుల పోలిక చూస్తే నూటికి నూరు పాళ్లు, అక్షరం తేడా లేదు. వరసలు వేరు. భాష పోలికను చూడకుండా వరసనే చూసిందనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

యంత్రాలు ఈ ఆటలోకి వచ్చాక 2013లో ఒక ఉదాహరణ లోకమంతా తిరిగింది. గూగుల్‌లో ఉన్న టోమాష్ మికొలోవ్ బృందం మాటలను అంకెల వరసలుగా మార్చి, రాజులోంచి పురుషుణ్ణి తీసేసి స్త్రీని కలిపితే రాణికి దగ్గరగా తేలుతుందని చూపించింది. అబ్బురమే. కానీ లోపల ఒక చిన్న ఏర్పాటు ఉంది. ప్రశ్నలో ఉన్న మూడు మాటలనూ జవాబుల్లోంచి ముందే తప్పిస్తారు. తప్పించకపోతే చాలాసార్లు మొదట తేలేది రాజే. తీసివేతా కూడికా అయ్యాక కూడా రాజు రాజు దగ్గరే నిలబడి ఉంటాడు, పక్కనే ఉన్న రాణిని మనం అందుకుంటాం. కర్ర దగ్గర ఆగిన మన కుర్రాడు చేసింది సరిగ్గా ఇదే. దగ్గరితనం చూసి, సంబంధం చూశానన్నాడు.

అమెరికాలో ఈ ప్రశ్నల వైభవం తగ్గింది. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో మిల్లర్ అనే ఆయన 1926లో మొదలుపెట్టిన అనాలజీల పరీక్షను 2023లో ఆపేశారు. అక్కడి కాలేజీ ప్రవేశ పరీక్ష శాట్ నుంచి ఇవి 2005లో పోయాయి, జీఆర్‌ఈ నుంచి 2011లో. శాట్‌లో ఒకప్పుడు వచ్చిన ప్రశ్న ఒకటి బాగా అపకీర్తి తెచ్చింది. పరుగు పందెగాడికి మారథాన్ ఎలాగో తెడ్డు వేసేవాడికి రెగట్టా అలాగ అన్నది జవాబు. రెగట్టా అంటే పడవ పందేలని తెలిసేది పడవలున్న ఇళ్ల పిల్లలకు. సంబంధం పట్టుకునే తెలివి ఉండి కూడా మాట తెలియక పోయినవాళ్లెందరో. ఆవం, సారె అని నేను మురిసిపోతున్నవాటికీ ఈ దెబ్బ తగులుతుంది. కూకట్‌పల్లిలో పుట్టి పెరిగిన పిల్లవాడికి ఆవం ఎందుకు తెలియాలి? కాబట్టి కులవృత్తుల పనిముట్లతో ప్రశ్నపత్రం నింపమని నేననను. తెగడం, విరగడం, కట్టడం, తొడగడం అందరికీ తెలుసు. రైళ్లూ బిల్లులూ అందరికీ తెలుసు. బాబాయీ మేనమామా తెలియని తెలుగు పిల్లలు ఇంకా తక్కువే.

మన పోటీ పరీక్షల్లో ఈ ప్రశ్నలు ఇప్పట్లో పోయేలా లేవు. రెండు భాషల్లో ఇచ్చే ప్రశ్నపత్రాల్లో, సందేహం వస్తే ఇంగ్లిషు ప్రశ్నే ప్రామాణికమని ముందే రాసి ఉంచడం మామూలైంది. మిగతా ప్రశ్నల విషయంలో ఆ షరతు అర్థం చేసుకోవచ్చు. పదాల సంబంధం మీద అడిగే ప్రశ్నలో అది కుదరదు, ఎందుకంటే అక్కడ మాటే విషయం. తెలుగు మీడియం అభ్యర్థికి తెలుగులో లేని సంబంధాన్ని చూపించి, జవాబు ఇంగ్లిషులో వెతుక్కోమనడం అన్యాయం. ప్రశ్నలు తయారుచేసే అధ్యాపకులకు నా విన్నపం ఒకటే. ఈ ఒక్క అధ్యాయానికైనా అనువాదం మానండి, తెలుగు ప్రశ్నలు తెలుగులోనే పుట్టించండి. అచ్చుకు పంపేముందు నాలుగు మాటలనూ పైకి చదివి, వరస కుదిరిందో లేదో ఇంట్లో పెద్దవాళ్లను ఒక్కసారి అడగండి. అధ్యాయానికి పోలిక పరీక్ష అన్న పేరే ఉంచుకున్నా నాకు అభ్యంతరం లేదు.